ఫిజిక్స్ ల్యాబ్ గంట, అంబాసిడర్ హారన్

పదో తరగతిలో విద్యుత్ గంట బొమ్మ వేయని వాళ్లు మనలో ఎవరూ ఉండరు. గుర్రపునాడా ఆకారంలో ఇనుము, దానికి చుట్టిన తీగ, ఎదురుగా ఆర్మేచర్, దాని చివర చిన్న సుత్తి. ఆ బొమ్మలోంచి సుత్తినీ గిన్నెనీ తీసేసి పల్చని ఉక్కు రేకు బిగించండి. అదే కారు హారన్. కరెంటు వెళితే అయస్కాంతం రేకును లాగుతుంది, ఆ లాగుడుకే లోపలి పాయింట్లు విడిపోతాయి, కరెంటు ఆగుతుంది, రేకు వెనక్కి వస్తుంది. సెకనుకు కొన్ని వందల సార్లు ఇదే తంతు.

ఈ గంట పుట్టింది కూడా ఒక బడిలోనే. అమెరికాలోని ఆల్బనీ అకాడమీలో పాఠాలు చెప్పే జోసెఫ్ హెన్రీ 1831లో మైలు పొడవుకు మించిన తీగ చివర విద్యుదయస్కాంతం పెట్టి గంట మోగించి చూపించాడు. బండ్ల మీదికి ఆ విద్య రావడానికి చాలా కాలం పట్టింది. బ్రిటన్‌లో ఇంజను బండికి అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలని 1865లో చట్టమే చేశారు. బండి ముందు మనిషి నడవాలనే నిబంధన పూర్తిగా పోయింది 1896లో. తర్వాత రబ్బరు బుడ్డి హారన్లు వచ్చాయి. మన పల్లె బస్సుల్లో డ్రైవరు కిటికీలోంచి చేయి చాపి నొక్కిన ఆ పాంపాం ఇంకా చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1908లో క్లాక్సన్ బజారుకొచ్చింది. దాన్ని కనిపెట్టిన మిల్లర్ రీస్ హచిసన్ అంతకుముందు విద్యుత్ వినికిడి యంత్రం తయారుచేసినవాడు! అందులో మోటారు తిప్పే పళ్లచక్రం రేకును గీకేది. చివరికి నిలిచింది మాత్రం మన ల్యాబ్ గంట పద్ధతే.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద ఉత్తరపారాలో తయారై, 2014లో ఆగిపోయిన అంబాసిడర్ ఈ బ్రిటిష్ వంశానిదే. మా బ్యాచ్ మిత్రుడొకడు వాళ్ల నాన్నగారి అంబాసిడర్‌ను అమ్మకుండా ఉంచుకున్నాడు. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు తీసుకెళ్లాలి, హారన్ పలకదు. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం హారన్ ఉండి తీరాలి. ఒక మెకానిక్ కొత్త హారన్ కొనమన్నాడు, ఇంకొకాయన డాష్‌బోర్డు కింద విడిగా స్విచ్చి పెడతానన్నాడు. రెండోది నాకు అసలు నచ్చలేదు. పిల్లాడు అడ్డం వచ్చినప్పుడు చేయి స్టీరింగ్ మీదికే పోతుంది గానీ డాష్‌బోర్డు కింద వెతుక్కోదు.

ఈ తరం బ్రిటిష్ కార్ల హారన్ వైరింగులో ఒక తిరకాసు ఉంది. ఫ్యూజు నుంచి కరెంటు నేరుగా హారన్‌కు వచ్చి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బటన్ చేసేది కరెంటు పంపడం కాదు, హారన్ రెండో తీగను ఎర్త్‌కు, అంటే బండి బాడీకి, కలపడం. తిరిగే స్టీరింగ్ దాకా ఒక్క తీగ వెళితే చాలు. ఆ తీగ ఒరుసుకుని ఎక్కడైనా బాడీకి తగిలినా ఫ్యూజు పోదు, నిప్పు రాదు. హారన్ దానంతటదే మోగుతుంది, అంతే. అర్ధరాత్రి వీధంతా లేపే పాత కార్ల రహస్యం ఇదే. హారన్ ఉత్త విద్యుదయస్కాంతం కాబట్టి దానికి ప్లస్, మైనస్ పట్టింపు లేదు. 1960లలో బ్రిటిష్ కార్లు పాజిటివ్ ఎర్త్ నుంచి నెగటివ్‌కు మారినా హారన్లు మార్చాల్సిన పని పడలేదు.

అందుకే వెతకడం హారన్ దగ్గర మొదలుపెట్టాం. మీటరు కాదు, పన్నెండు వోల్టుల బల్బు తీసుకున్నాం. తుప్పు పట్టిన కనెక్షన్ దగ్గర కూడా మీటరు నిండుగా పన్నెండు చూపిస్తుంది, కానీ నాలుగైదు ఆంపియర్లు లాగితే ఆ వోల్టేజీ నిలవదు. ఫ్యూజు వైపు టెర్మినల్‌కూ బాడీకీ మధ్య పెడితే బల్బు నిండుగా వెలిగింది. అక్కడిదాకా దారి బాగుంది. రెండో టెర్మినల్ దగ్గర కాస్త మసకగా వెలిగింది. అంటే హారన్ లోపలి కాయిలూ పాయింట్లూ తెగలేదు. ఆ టెర్మినల్‌ను చిన్న తీగతో బాడీకి తగిలించగానే వీధి చివరిదాకా వినిపించింది. కొత్త హారన్ ఖర్చు తప్పింది.

మిగిలింది బటన్. విప్పి చూస్తే ఇత్తడి కాంటాక్టు మీద దశాబ్దాల గ్రీజు తారులా గట్టిపడి ఉంది. పెట్రోలు గుడ్డతో తుడిచి, సన్న గరుకు కాగితంతో రెండుసార్లు రుద్ది, స్ప్రింగు కొద్దిగా సాగదీసి బిగించాం. అరగంట పని. తనిఖీ రోజున ఇన్‌స్పెక్టరుగారు స్టీరింగ్ మధ్యలో ఒకసారి నొక్కారు. బండి ముందు నిలబడి ఉన్న మా మిత్రుడు ఉలిక్కిపడి పక్కకు దూకాడు.