సబ్1ఎ (వరి జన్యువు)

సబ్1ఎ వరి మొక్కలో 9వ క్రోమోజోముపై గల ఒక జన్యువు. పైరు పూర్తిగా నీట మునిగినపుడు మొక్క తనలోని శక్తి నిల్వలను పొదుపుగా వాడుకొనేటట్లు ఇది ఇతర జన్యువులను నియంత్రిస్తుంది. ఈ జన్యువు చురుకుగా పనిచేసే రకాలు సుమారు రెండు వారాల వరకు ముంపును తట్టుకొని, నీరు తీసిన పిమ్మట తిరిగి చిగురిస్తాయి.

ముంపులో మొక్క స్థితి

వరి నీటిని కోరే పైరే గాని, ఆకుల కొనలు సైతం మునిగితే చాలా రకాలు వారం పది రోజులకు మించి బ్రతకవు. నీటిలో వాయువుల వ్యాపనం గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా జరుగుతుంది కనుక మొక్కకు ఆక్సిజన్ అందదు. వరదనీరు బురదగా ఉంటే వెలుతురు కూడా చొరదు. కిరణజన్య సంయోగక్రియ కుంటుపడుతుంది. ఆక్సిజన్ ఉన్నపుడు ఒక గ్లూకోజ్ అణువు నుండి సుమారు 30 ఏటీపీ అణువులు లభిస్తాయి. అది లేనపుడు కిణ్వప్రక్రియతో సరిపెట్టుకోవాలి. అప్పుడు లభించేవి రెండు మాత్రమే. కల్లు పులియునపుడు ఆల్కహాలు తయారయ్యేది కూడా ఈ క్రియ వల్లనే. ఇందుకు అవసరమైన పైరువేట్ డీకార్బాక్సిలేజ్, ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ ఎంజైముల జన్యువులు మునిగిన వరిలో చురుకవుతాయి.

పనిచేయు విధానం

మునిగిన మొక్కలో ఇథిలీన్ వాయువు బయటకు పోలేక లోపలే పోగుపడుతుంది. సాధారణ రకాలలో ఇది గిబ్బరెల్లిన్ హార్మోను ప్రభావాన్ని పెంచగా, ఆకులు నీటిపైకి చేరటానికి వేగంగా సాగుతాయి. ఈ ప్రయాసలో పిండిపదార్థం, చక్కెరలు ఖర్చయిపోతాయి. నీరు తీసేసరికి మొక్క సత్తువ లేక నేలవాలిపోతుంది.

సబ్1ఎను మేల్కొలిపేది కూడా ఇథిలీనే, కాని ఫలితం వేరు. ఇది గిబ్బరెల్లిన్‌ను అడ్డగించే ప్రోటీన్లను పెంచి ఎదుగుదలను నిలుపుతుంది. పిండిపదార్థాన్ని, సుక్రోజును విడగొట్టే ఎంజైముల జన్యువులను అదుపులో ఉంచి, కిణ్వప్రక్రియ జన్యువులను హెచ్చిస్తుంది. లోతునీటి వరి పద్ధతి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. వాటిలో 2009లో జపాన్ శాస్త్రజ్ఞులు గుర్తించిన స్నార్కెల్ జన్యువులు అదే ఇథిలీన్ సంకేతంతో కాండాన్ని నీటిమట్టానికి పైగా సాగదీస్తాయి. నెలల తరబడి నిలిచే నీటికి ఆ పద్ధతి, కొద్ది రోజులలో తీసే వరదకు సబ్1ఎ పద్ధతి అనుకూలం.

స్వర్ణ-సబ్1

ముంపును తట్టుకొనే గుణానికి మూలం ఒడిశా దేశవాళీ వరి నుండి ఎంపిక చేసిన ఎఫ్ఆర్13ఎ. ఇది పొడవుగా పెరిగి తక్కువ దిగుబడి ఇస్తుంది కనుక రైతుల ఆదరణ పొందలేదు. 1996లో షూ, మెకిల్ ఈ గుణం 9వ క్రోమోజోముపై ఉన్నదని చూపగా, 2006లో పమేలా రోనాల్డ్, జూలియా బెయిలీ-సెరెస్ తదితరులతో కలిసి జన్యువును గుర్తించారు. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో రూపొందిన స్వర్ణ (ఎంటీయూ 7029) తూర్పు భారతంలో విస్తారంగా సాగులో ఉన్నందున, అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఈ జన్యువును దానిలోనికి చేర్చింది. స్వర్ణ-సబ్1 మనదేశంలో 2009లో విడుదలైనది. పలువురు భావించునట్లు ఇది జన్యుమార్పిడి పంట కాదు. డీఎన్ఏ గుర్తుల సాయంతో, స్వర్ణతో మరల మరల సంకరణం జరిపి దీనిని సాధించారు. ముంపు లేని ఏడాది దీని దిగుబడి స్వర్ణకు తీసిపోదు.

పరిమితులు

మొక్క సగం వరకు మునిగి వారాల తరబడి నీరు నిలిచే పొలాలలో సబ్1ఎ వలన ప్రయోజనం అంతగా లేదు. విత్తనం నేరుగా వెదజల్లిన తరువాత, మొలకెత్తక ముందే వాన ముంచితే కూడా ఇది ఆదుకోదు. ఆ దశలో విత్తనంలోని పిండిపదార్థం త్వరగా కరిగి మొలకకు అందవలసి ఉంటుంది. 2015లో గుర్తించిన ఓఎస్‌టీపీపీ7 అనే మరొక జన్యువు ఆ పనికి తోడ్పడుతుంది.