యురేనియం వ్యర్థాల నుండి భూగర్భ జలాల రక్షణ: రాష్ట్ర నియంత్రణ పరిధి

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నెలకొల్పిన గని, శుద్ధి కర్మాగారాలకు 2007లో శంకుస్థాపన జరుగగా, 2012లో ఉత్పత్తి ప్రారంభమైంది. ఇక్కడి ఖనిజంలో యురేనియం శాతం చాలా స్వల్పం. అందువల్ల శుద్ధి చేసిన రాతిలో దాదాపు అంతా బురదగా మారి కొట్టాల గ్రామ సమీపంలోని వ్యర్థాల చెరువుకు (టెయిల్ పాండ్) చేరుతుంది. యురేనియం వేరు చేసినంత మాత్రాన ఆ బురద నిరపాయకరం కాదు. ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం అందులోనే మిగిలిపోతుంది. అందులోని రేడియం-226 సగానికి తగ్గడానికే 1,600 సంవత్సరాలు పడుతుంది.

రేడియోధార్మిక వ్యర్థాల భద్రత కేంద్ర పరిధిలోనిది. అణుశక్తి నియంత్రణ బోర్డు దానిని పర్యవేక్షిస్తుంది. అంతమాత్రాన రాష్ట్రానికి పాత్ర లేదనుకోవడం పొరపాటు. 1974 జల కాలుష్య నివారణ చట్టం కింద స్థాపన, నిర్వహణ అనుమతులు ఇచ్చేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. చెరువు అడుగు పొర ఎలా ఉండాలో అనుమతి షరతుల్లో నిర్దేశించవచ్చు. ఉల్లంఘన జరిగితే సెక్షన్ 33ఎ కింద మూసివేతకు, విద్యుత్తు, నీటి సరఫరా నిలిపివేతకు సైతం ఆదేశించవచ్చు. బోరుబావుల నమోదు 2002 వాల్టా చట్టం పరిధిలో ఉంది.

సమీప గ్రామాల బోర్లలో నీరు చెడిందని, అరటి తోటలు దెబ్బతిన్నాయని రైతులు ఫిర్యాదు చేయడంతో మండలి 2018లో నిపుణుల కమిటీని నియమించింది. చెరువు అడుగు పొర షరతుల మేరకు లేదంటూ 2019లో సంస్థకు నోటీసు జారీ చేసింది. కాలుష్యానికి తాము కారణమన్న ఆరోపణను సంస్థ అంగీకరించలేదు.

ఈ వివాదం తేలాలంటే నీటి పరీక్ష సక్రమంగా ఉండాలి. ఇక్కడి ఖనిజం సున్నపు జాతి రాతిలో ఉన్నందున ఆమ్లానికి బదులు సోడియం కార్బొనేట్ క్షారంతో శుద్ధి చేస్తారు. ఊట మొదలైతే బోర్లలో ముందుగా సోడియం, సల్ఫేట్ లవణాలు పెరిగే అవకాశం ఉంది. కార్బొనేట్ నీటిలో యురేనియం కూడా కరిగి కదులుతుంది. తాగునీటిలో దాని పరిమితిని భారతీయ ప్రమాణాల సంస్థ 2021లో లీటరుకు 0.03 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది. అయితే యురేనియం నిక్షేపాలున్న నేలలో కొంత సహజంగానే నీటిలో ఉండవచ్చు కనుక, గని రాకపూర్వపు నమోదులతో పోల్చనిదే ఒక్క అంకెతో ఎవరి వాదనా రుజువు కాదు. నమూనా తేదీ, బోరు లోతు, చెరువు నుండి దూరం లేని ఫలితాన్ని అధికారులు గానీ, విలేకరులు గానీ ప్రామాణికంగా స్వీకరించరాదు.