పరమపదించారు

రాత్రి చివరి ఎడిషన్ వేళకు డెస్కుకు చేరే మరణవార్తల్లో నా చెయ్యి తరచూ ఆగేది ‘పరమపదించారు’ దగ్గరే. పదమంటే ఇక్కడ మాట కాదు. అడుగు, ఆపైన చోటు. విష్ణువు పరమ పదం ప్రస్తావన ఋగ్వేదంలోనే ఉంది. వైష్ణవులకు అదే వైకుంఠం. ముక్కోటి ఏకాదశి జాగారంలో ఆడే వైకుంఠపాళికి పరమపద సోపాన పటమనే పేరు అందుకే. పాము నోట పడకుండా పై గడికి చేరినవాడిదే గెలుపు.

శైవులైతే శివైక్యం చెందుతారు. క్రైస్తవులు ప్రభువునందు నిద్రిస్తారు. ఇంగ్లిష్ ‘సిమెట్రీ’కి మూలమైన గ్రీకు మాటకూ నిద్రించే చోటనే అర్థం. ముస్లింల ఇళ్లలో వినిపించే ‘ఇంతెఖాల్’ అరబ్బీలో ఒక చోటి నుంచి మరో చోటికి మారడం. అచ్చం ఉద్యోగి బదిలీలా!

మా విలేకరి ఒకాయన ఎవరు పోయినా పరమపదించారనే రాసేవాడు. ఓసారి జీవితమంతా దేవుడు లేడన్న పెద్దాయనను కూడా వైకుంఠానికి పంపేశాడు. కొట్టేసి ‘కన్నుమూశారు’ అని దిద్దాను. ఏ మతానికీ చెందని మాట, డెస్కుకు ప్రాణం. కాకపోతే నేత్రదానం చేసినవారి వార్తలో అదే మాట తగిలినప్పుడు మాత్రం కాసేపు తటపటాయిస్తాను.