చింద్విన్ నది నేర్పిన పాఠము

యుద్ధచరిత్ర చదువునపుడు మన దృష్టి సాధారణముగా సేనానుల మీదను, ఆయుధముల మీదను నిలుచును. సైన్యము నదిని దాటెనని గ్రంథములో ఒక్క వాక్యముండును; దానిని చదివి ముందుకు సాగుదుము. కాని దాటిన మరునాటి నుండి ఆ సైనికులకు ఆహారము, మందుగుండు, పెట్రోలు, ఔషధములు ఎట్లు చేరెను? పెక్కు యుద్ధములలో జయాపజయములను నిర్ణయించినది ఈ ప్రశ్నయే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బర్మాలోని చింద్విన్ నది ఈ విషయమును మూడేండ్లలో మూడు మారులు రుజువు చేసినది.

చింద్విన్ ఐరావతీ నదికి ముఖ్యమైన ఉపనది. మణిపురమునకు తూర్పున, ఉత్తరము నుండి దక్షిణముగా ప్రవహించును. మధ్య బర్మాకును ఇంఫాలునకును నడుమ భూమార్గమున పోవువారు దీనిని దాటక తప్పదు.

మొదటి ఘట్టము 1942 మే నెలలో జరిగెను. జపాను సైన్యము తరుముచుండగా బ్రిటిషు, భారతీయ దళములు తూర్పు గట్టుననున్న ష్వేజిన్ రేవు చేరినవి. వంతెన లేదు, కొలది స్టీమర్లే దిక్కు. సైనికులు చాలవరకు దాటగలిగిరి. కాని దాదాపు అన్ని టాంకులను, లారీలలో అధికభాగమును తామే పాడుచేసి విడిచిరావలసి వచ్చెను. ఆ యేడు బర్మా నుండి కాలినడకను స్వదేశమునకు మరలిన భారతీయులలో, బ్రతుకుతెరువుకై అచ్చటికి పోయిన ఆంధ్రులును పెక్కురుండిరి.

రెండవ ఘట్టము 1944 మార్చి నాటిది. ఈసారి జపాను సైన్యమే పడమరగా నదిని దాటి ఇంఫాలు, కొహిమాలపై పడెను. సైనికుల వద్దనున్న ఆహారము సుమారు మూడు వారములకు మాత్రమే సరిపడును. ఇంఫాలు గిడ్డంగులు చిక్కునని వారి సేనాని ముతగుచి తలచెను. అవి చిక్కలేదు. వెనుకనున్న నది మీదుగాను, కొండదారులందును తగిన సరఫరా రాలేదు. కొహిమా వద్దనున్న డివిజనుకు అధిపతియైన సాటో, ఆహారమందుట లేదని, ఆజ్ఞను సైతము మీరి తన దళములను వెనుకకు మరల్చెను. తిరుగుదారిలో వేలకొలది సైనికులు ఆకలితోను, రోగములతోను మరణించిరి. నదిని దాటుట వారికి సాధ్యమయ్యెను. దాని మీద నిత్యము నడచు మార్గమును నిలుపుటయే సాధ్యము కాలేదు.

ఈ భేదమును చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. ఒక తెప్ప ఒక లారీని దాటించి తిరిగివచ్చుటకు అరగంట పట్టుననుకొనుడు. రేయింబవళ్ళు ఆగక పనిచేసినను దినమునకు 48 లారీలే దాటును. వంతెన మీద నిమిషమునకొక లారీ పోయినచో, ఒక్క గంటలోనే 60 దాటును!

మూడవ ఘట్టము 1944 డిసెంబరులో జరిగెను. జనరల్ స్లిమ్ నాయకత్వమున 14వ సైన్యము తూర్పుగా కదలెను. విమానములు సరకులను చేరవేయుచునే యుండెను. కాని టాంకులను, వేలాది లారీలను నేలమీదనే నడపవలెను. కావున కలేవా వద్ద 1,154 అడుగుల తేలెడు బెయిలీ వంతెనను ఇంజనీర్లు 28 పనిగంటలలో నిర్మించిరి. డొనాల్డ్ బెయిలీ అను ఆంగ్ల ఇంజనీరు కల్పించిన ఈ పద్ధతిలో వంతెన అంతయు ఒకే కొలతగల ఉక్కు చట్రముల కూర్పు. ఒక్కొక్క చట్రము పొడవు 10 అడుగులు, బరువు సుమారు 260 కిలోగ్రాములు. ఆరుగురు మోయగలరు, లారీలో ఎక్కించి తేవచ్చును, పెద్ద యంత్రముల అవసరము లేదు.

ఈ వంతెనను నీటిపై మోసినవి పాంటూనులను దోనెలు. ఇచ్చట పనిచేయునది మన పాఠ్యపుస్తకములలోని ఆర్కిమిడీస్ సూత్రమే. దోనెపై ఒక టన్ను బరువు పడినచో, అది మరియొక ఘనమీటరు నీటిని తొలగించువరకు దిగి నిలుచును. దోనె నీటిమట్టపు వైశాల్యము 20 చదరపు మీటర్లనుకొందము. 10 టన్నుల బరువుకు అది అరమీటరు దిగును. కావున బండ్ల బరువునకును, వాటి నడుమ ఉంచవలసిన దూరమునకును హద్దులుండును. ప్రవాహము దోనెలను కొట్టుకొనిపోకుండ లంగరులు వేయవలెను.

స్లిమ్ అంతటితో ఊరకుండలేదు. అడవిలోని టేకుతో కలేవా వద్దనే 500కు పైగా పడవలు చేయించెను. ఒక్కొక్కటి 10 టన్నులు మోయును. మూడింటిని జతచేసినచో టాంకును సైతము దాటించును. ఈ యేర్పాట్ల బలముతో ఆ సైన్యము 1945లో ఐరావతిని దాటి, మార్చిలో మేక్టీలాను, మాండలేను స్వాధీనపరచుకొనెను.

ఉపాధ్యాయులు ఈ పాఠమును తరగతిలోనే చూపవచ్చును. నీటి తొట్టిలో తగరపు డబ్బాను నిలువుగా తేలించి, సమానమైన తూనికరాళ్ళను ఒక్కొక్కటిగా వేయుచు అది ఎంతెంత దిగునో విద్యార్థులచే కొలిపింపుడు. ప్రతి రాతికిని అది సమానముగా దిగుట వారే కనుగొందురు. ఎన్నవ రాతికి అంచు మునుగునో వారు ముందుగా లెక్కగట్టి చెప్పగలిగిననాడు, కలేవా ఇంజనీర్లు చేసిన లెక్క ఎట్టిదో వారికి బోధపడును.