ఇంగ్లిష్ వాక్యంలో భూతకాల క్రియ, ప్రిపొజిషన్ పదబంధం

జరిగిపోయిన పనిని చెప్పే క్రియ, దాని తర్వాత ప్రిపొజిషన్‌తో మొదలయ్యే పదబంధం: ఇంగ్లిష్‌లో కథలూ వార్తలూ చరిత్ర పాఠాలూ ఎక్కువగా ఈ పద్ధతిలోనే నడుస్తాయి. ‘షి వెంట్ టు కదిరి’ అన్నప్పుడు ‘వెంట్’ భూతకాల క్రియ, ‘టు కదిరి’ ప్రిపొజిషన్ పదబంధం. మధ్యలో కర్మ కూడా రావచ్చు: ‘హి పుట్ ద బ్యాగ్ ఆన్ ద బెంచ్’. తెలుగులో విభక్తి ప్రత్యయం నామవాచకం వెనక చేరుతుంది. ఇంగ్లిష్‌లో అదే పని చేసే మాట నామవాచకానికి ముందు నిలబడుతుంది. తెలుగు పిల్లలకు ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

శ్రీ సత్యసాయి జిల్లా ముదిగుబ్బలో ఎవరైనా మామూలుగా అనే మాట ఒకటి తీసుకుందాం. ‘వాడు సోమవారం పొద్దున ముదిగుబ్బ నుంచి అనంతపురానికి బస్సులో పోయినాడు.’ ఇదే ఇంగ్లిష్‌లో ‘హి వెంట్ ఫ్రమ్ ముదిగుబ్బ టు అనంతపూర్ బై బస్ ఆన్ మండే మార్నింగ్’ అవుతుంది. చివర ఉన్న ‘పోయినాడు’ కర్త పక్కకు వచ్చింది. మొదట్లో ఉన్న సోమవారం చిట్టచివరికి వెళ్ళింది. ‘సోమవారం’కు తెలుగులో ఏ ప్రత్యయమూ అక్కర్లేదు, ఇంగ్లిష్‌లో ‘ఆన్’ తప్పదు. ‘బస్సులో’ అన్నదాన్ని ‘ఇన్ బస్’ అనకూడదు, ‘బై బస్’ అనాలి. ఇక క్రియ సంగతి. తెలుగులో పోయినాను, పోయినావు, పోయినాడు, పోయింది, పోయినారు అంటూ కర్తను బట్టి రూపం మారుతుంది. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే ‘వెంట్’. ‘వాజ్’, ‘వర్’ తప్పిస్తే భూతకాలంలో కర్తను బట్టి మారే రూపాలు ఆ భాషలో లేవు. ఈ ఒక్క విషయంలో మాత్రం మన పిల్లలకు ఇంగ్లిషే తేలిక.

ఈ తిరగబడిన వరస యాదృచ్ఛికం కాదు. 30 భాషలను పోల్చి చూసిన జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో ప్రచురించిన వ్యాసంలో, క్రియ చివర వచ్చే భాషల్లో సంబంధాన్ని తెలిపే మాటలు దాదాపు ఎప్పుడూ నామవాచకం వెనకే వస్తాయని చూపాడు. ఆ ముప్పై భాషల్లో ద్రావిడ కుటుంబం నుంచి ఉన్నది అనంతపురానికి పొరుగు భాష కన్నడం. సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో కూడా నామవాచకాలకు విభక్తి ప్రత్యయాలు ఉండేవి. అవి రాలిపోయేకొద్దీ ప్రిపొజిషన్ల మీద భారం పెరిగింది.

క్రియ తర్వాత వచ్చే పదబంధాలన్నీ ఒక తరహావి కావు. ‘హి స్లెప్ట్ అండర్ ద నీమ్ ట్రీ’లో చివరి నాలుగు మాటలు తీసేసినా వాక్యం నిలుస్తుంది. ‘హి పుట్ ద బ్యాగ్’ అని ఆపేస్తే నిలవదు, ఎక్కడ పెట్టాడో చెప్పి తీరాలి. మూడో రకంలో క్రియ తనకు కావలసిన ప్రిపొజిషన్‌ను తానే ఎంచుకుంటుంది: లుక్డ్ ఎట్, లిజన్డ్ టు, వెయిటెడ్ ఫర్, డిపెండెడ్ ఆన్. ‘ద ఫార్మర్స్ వెయిటెడ్ ఫర్ రెయిన్ అన్‌టిల్ ఆగస్ట్’ అనే వాక్యంలో ‘ఫర్’ను కోరేది ‘వెయిటెడ్’. ‘అన్‌టిల్’ అర్థాన్ని బట్టి వచ్చింది. వర్షాధారంగా వేరుశనగ వేసే ఈ మెట్ట ప్రాంతంలో ఈ వాక్యానికి వివరణ అక్కర్లేదు.

ఎక్కడం, దిగడం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. తెలుగులో బస్సు ఎక్కినాడు, ఆటో ఎక్కినాడు, చెట్టు ఎక్కినాడు, గుర్రం ఎక్కినాడు అంటాం. ఒకటే క్రియ, ప్రత్యయం అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో బస్సుకూ రైలుకూ ‘గాట్ ఆన్’, ఆటోకూ కారుకూ ‘గాట్ ఇన్‌టు’, చెట్టుకు ‘క్లైమ్డ్’. లోపల లేచి నిలబడి నడవగలిగే పెద్ద బండి అయితే ‘ఆన్’, ఒదిగి కూర్చోవలసిన చిన్న బండి అయితే ‘ఇన్’ అని గుర్తు పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. దిగేటప్పుడూ అంతే: ‘గాట్ ఆఫ్ ద బస్’, ‘గాట్ అవుట్ ఆఫ్ ద ఆటో’. ధర్మవరం–పాకాల మార్గంలో ఉన్న ముదిగుబ్బ స్టేషన్‌లో దిగిన మనిషి ‘అరైవ్డ్ ఎట్ ముదిగుబ్బ స్టేషన్’. అనంతపురం లాంటి నగరానికి చేరితే ‘అరైవ్డ్ ఇన్ అనంతపూర్’. ‘రీచ్డ్’ అంటే మాత్రం ఏ ప్రిపొజిషనూ అక్కర్లేదు. ‘ఊరికి చేరినాడు’లోని ‘కి’ని వదల్లేక ‘రీచ్డ్ టు’ అనేవాళ్లు ఉన్నారు.

తెలుగు నుంచి ఇలా జారి వచ్చే పొరపాట్లకు ఒక పద్ధతి ఉంది. ‘గురించి చర్చించారు’ నుంచి ‘డిస్కస్డ్ అబౌట్’ వస్తుంది, కావలసింది ‘డిస్కస్డ్’ ఒక్కటే. ‘నా మీద కోపపడ్డాడు’ నుంచి ‘యాంగ్రీ ఆన్ మీ’ వస్తుంది, కావలసింది ‘యాంగ్రీ విత్ మీ’. ‘లోపలికి వచ్చాడు’ అనే తలంపుతో ‘ఎంటర్డ్ ఇన్‌టు ద రూమ్’ అంటారు, అక్కడ ‘ఎంటర్డ్ ద రూమ్’ చాలు. వీటిని తెలివితక్కువతనం అనుకోవడం అన్యాయం. పిల్లవాడు తన భాషలోని నియమాన్ని నిజాయతీగా పాటిస్తున్నాడు, అంతే.

చాలా పుస్తకాలు తేలిగ్గా దాటేసే విషయం ఒకటుంది: కాలాన్ని చెప్పే ప్రిపొజిషన్ క్రియారూపాన్ని కూడా శాసిస్తుంది. ‘ఇన్ 2019’ అంటే మామూలు భూతకాలమే రావాలి, ‘సిన్స్ 2019’ అంటే సాధారణంగా ‘హాజ్’, ‘హావ్’ రూపం కావాలి. పని వెతుక్కుంటూ ఈ ప్రాంతం నుంచి బెంగళూరు వెళ్ళి మూడేళ్లు ఉండి తిరిగొచ్చిన మనిషి గురించి ‘హి వర్క్డ్ ఇన్ బెంగళూర్ ఫర్ త్రీ ఇయర్స్’ అనాలి. ఇంకా అక్కడే ఉంటే ‘హి హాజ్ వర్క్డ్’ అనాలి. తెలుగులో ‘వచ్చాడు’ అన్న ఒక్క రూపమే ‘కేమ్’కూ ‘హాజ్ కమ్’కూ సరిపోతుంది కాబట్టి ‘హాజ్ కమ్ యెస్టర్డే’ అనే తప్పు పుడుతుంది. ‘మూడేళ్ల నుంచి’ అన్నది ‘సిన్స్ త్రీ ఇయర్స్’ అవడమూ ఇలాంటిదే. ‘సిన్స్’ మొదలైన క్షణాన్ని చెబుతుంది, ‘ఫర్’ గడిచిన వ్యవధిని చెబుతుంది.

ఈ నిర్మాణం నేర్పడానికి ఊరి చరిత్రను మించిన సామగ్రి లేదు. ‘ద నిజాం సీడెడ్ దీజ్ ల్యాండ్స్ టు ద కంపెనీ ఇన్ 1800.’ దత్తమండలాల కథ అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. ‘మన్రో గవర్న్డ్ దెమ్ యాజ్ ప్రిన్సిపల్ కలెక్టర్ ఫ్రమ్ 1800 టు 1807.’ బళ్ళారి నుంచి అనంతపురం జిల్లా 1882లో విడిపోయింది. ముదిగుబ్బ వైపు కదిరి తాలూకా అప్పుడు కడపలో ఉండేది. ‘కదిరి తాలూకా పాస్డ్ ఫ్రమ్ కడప టు అనంతపూర్ ఇన్ 1910.’ ఒక క్రియ, మూడు పదబంధాలు: ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎప్పుడు.

వినేటప్పుడు మరో చిక్కు ఉంది. ‘వాక్డ్ టు స్కూల్’ అన్నప్పుడు ‘వాక్డ్’ చివరి ధ్వని నిజానికి ‘ట్’. అది ‘టు’లో కలిసిపోతుంది. చెవికి ‘వాక్ టు’ అనే వినిపిస్తుంది, భూతకాలం జాడ పోతుంది. ‘వెయిటెడ్’లో తప్ప ‘లుక్డ్’, ‘అరైవ్డ్’ వంటి వాటిలో ‘ఎడ్’ అని విడిగా పలకరు.

క్రియల వాక్య నమూనాలను విదేశీ విద్యార్థుల కోసం వర్గీకరించిన వారిలో ఎ.ఎస్. హార్న్‌బీ ముఖ్యుడు. జపాన్‌లో పాఠాలు చెప్పిన ఆయన తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది, వాక్య నమూనాల పుస్తకం 1954లో వచ్చింది. మన దగ్గర ఇంగ్లిష్ బోధన కోసం హైదరాబాదులో 1958లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇటు తెలుగు నిర్మాణాన్ని ఇంగ్లిష్ చదువరులకు విప్పి చెప్పిన వ్యాకరణం భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ప్రచురించారు.

మన బడుల్లో మాత్రం క్రియలను ఇప్పటికీ వీ వన్, వీ టూ, వీ త్రీ అని మూడు గడుల పట్టికగా వల్లె వేయిస్తారు: గో, వెంట్, గాన్. ఉపాధ్యాయులు ఆ పట్టికకు నాలుగో గడి చేర్చాలి. వెంట్ పక్కన టు, వెయిటెడ్ పక్కన ఫర్, లిజన్డ్ పక్కన టు, అరైవ్డ్ పక్కన ఎట్, ఇన్ రాయించాలి. రీచ్డ్, డిస్కస్డ్ పక్కన గడిని ఖాళీగానే వదలాలి.