స్పోర్ట్స్ కారుకు పెద్ద అలాయ్స్ వేయిస్తున్నారా? ముందు ఈ లెక్క చూసుకోండి!

మధురవాడ (విశాఖపట్నం): మధురవాడ నుంచి రుషికొండ వైపు దిగితే భీమిలి దాకా బీచ్‌రోడ్డే. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు, మధ్యలో మలుపులు. స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకు ఆదివారం వస్తే కాళ్లు నిలవవు. కానీ ఇంజిన్‌కు ఎంత పవర్ ఉన్నా, రోడ్డును పట్టుకునేది ఒక్కో టైరు కింద అరచేయంత జాగా మాత్రమే. చక్రాల సెటప్ తేడా కొడితే మలుపులో కారు మాట వినదు, టైర్లూ త్వరగా అరిగిపోతాయి.

సైజు లెక్క ఇదీ

టైరు మీద 205/55 ఆర్16 అని ఉంటే.. వెడల్పు 205 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు. దీని బదులు 225/45 ఆర్17 వేస్తే మొత్తం వ్యాసం 632 నుంచి 634 మి.మీ. అవుతుంది. తేడా లేనట్టే. అదే 225/55 ఆర్17 వేస్తే 679 మి.మీ. అవుతుంది. అప్పుడు మీటర్‌లో 80 కనిపిస్తున్నా, కారు 86 కి.మీ. వేగంతో వెళ్తున్నట్టే!

లాభమెంత? నష్టమెంత?

సైడ్‌వాల్ తగ్గితే టైరు తక్కువ వంగుతుంది, స్టీరింగ్ తిప్పగానే కారు తిరుగుతుంది. కానీ గుంతలో పడితే ఆ దెబ్బ నేరుగా రిమ్‌కే తగులుతుంది. వెడల్పు టైరు పొడి రోడ్డు మీద బాగా పట్టుకుంటుంది. వాన నీళ్లు నిలిచిన చోట మాత్రం సన్న టైరు కన్నా ముందే నీటి మీద తేలుతుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. ఆ క్షణంలో బ్రేకూ, స్టీరింగూ రెండూ పనిచేయవు. తుపాన్ల సీజన్‌లో విశాఖ డ్రైవర్లకు అసలు ప్రమాదం ఇదే.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా-ఈ రేసు కార్లకు కూడా గాళ్లున్న టైర్లే వేశారు. ఎండకైనా, వానకైనా అవే.

అరుగుదలే చెప్పేస్తుంది

* మధ్యలో అరిగితే: గాలి ఎక్కువైంది.
* రెండు అంచులూ అరిగితే: గాలి తక్కువైంది.
* లోపలి అంచు ఒక్కటే అరిగితే: క్యాంబర్, అంటే చక్రం లోపలికి వంగిన కోణం ఎక్కువైంది. లేదా టో తేడాగా ఉంది. మలుపుల్లో పట్టు కోసం క్యాంబర్ పెంచితే, నేరుగా వెళ్లే హైవే మీద ఆ అంచు తినేస్తుంది.
* చేత్తో రాస్తే రంపంలా తగిలితే: ఎక్కువగా అలైన్‌మెంట్ సమస్యే.

రొటేషన్ అన్ని కార్లకూ కుదరదు

పోర్షె 911 లాంటి కార్లకు వెనక టైర్లు ముందువాటి కన్నా వెడల్పు. వాటిని ముందుకు మార్చలేరు. ఇంజిన్ పవర్ ఎక్కువగా పడేది వెనక చక్రాల మీదే కాబట్టి సాధారణంగా అవే ముందు అరుగుతాయి.

ఇవి మర్చిపోవద్దు

గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. వేడెక్కితే ప్రెషర్ పెరిగి లెక్క తప్పుతుంది. ఎంత పెట్టాలో సాధారణంగా డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. గాడి లోతు 1.6 మి.మీ.కి తగ్గితే టైరు మార్చేయాల్సిందే. గాళ్ల మధ్య ఉండే చిన్న గుర్తు, టైరు పైభాగంతో సమానమైతే ఆ టైం వచ్చినట్టే. వానాకాలానికి ముందే ఓసారి వంగి చూసుకోండి.