పాత పంటల జాతర
సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో ఏటా సంక్రాంతి వేళ మొదలై సుమారు నెల రోజులు ఊరూరా సాగే విత్తనాల పండుగ. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు దీన్ని నడుపుతాయి. సభ్యుల్లో ఎక్కువమంది దళిత చిన్నకారు రైతులు.

అలంకరించిన ఎడ్లబండ్ల మీద జొన్న, కొర్ర, సామ, సజ్జ, కంది వంటి విత్తనాలు పెట్టి, డప్పులతో, పాటలతో ఊరేగిస్తారు. బండ్లు ఆగిన ఊళ్లో నేల గురించి, వాన గురించి, తిండి గురించి రైతుల మధ్య మాటలు సాగుతాయి. ఏ విత్తనం ఏ నేలకు నప్పుతుంది, దేన్ని దేనితో కలిపి చల్లాలి అన్న ఎరుకను బడికి వెళ్లని ఆడవాళ్లు నోటి మాటగా, పాటగానే దాచుకున్నారు. పాట మరుగైతే ఆ సాగు తెలివీ కొంత మరుగవుతుంది. కాబట్టి జాతరను వట్టి వినోదంగా చూడటం పొరపాటు.

ఈ సంఘాల మహిళలే కెమెరా పట్టి పత్తి రైతుల కష్టాలను చిత్రించారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. 2019లో సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.